మునిగిన ఊరి పటం

వల చిరిగిన ప్రతిచోటా అడుగున ఒక ఇల్లుందని
పెదజాలారిపేటలో ముసలోళ్ల లెక్క.
కైలాసగిరి వెనక్కి సింహాచలం కొండ నక్కి,
దక్షిణాన డాల్ఫిన్ ముక్కు మీది దీపం
చాచిన చేతి బొటనవేలంత పక్కకి జరిగితే
అక్కడ దాని నడివీధి,
పద్దెనిమిది బారల నీటి కింద.

ఊరి పేరు ఎవరికీ తెలీదు.
ఒక్క రాత్రిలో సముద్రం అడక్కుండా తీసుకుందంటారు.
ఆ ఊరు పాపం చేసిందని మాత్రం ఎవరూ అనలేదు.
మునిగినవాళ్లని తిట్టడం మావాళ్లకి రాదు.

హార్బర్లో నక్షాలు గీసే కొసనం సత్తిరాజు
సాయంత్రాలు సైకిలెక్కి వచ్చేవాడు
చిరుగుల్ని కొలవడానికి.
మా అయ్య ఇసకలో వల పరిచి చూపిస్తుంటే
అడ్డ చిరుగు గోడ,
గుండ్రటి చిరుగు నుయ్యి,
చిరుగే లేకపోతే పిల్లలాడుకునే మైదానం
అని పెన్సిల్ నాకి రాసుకునేవాడు.
లాంతరు నేను పట్టుకునేదాన్ని.
నాకప్పుడు తొమ్మిదేళ్లు. దోమలు తెగ కుట్టేవి.

ఆరేళ్లకి పటం పూర్తయింది,
నీలం కాయితం మీద తెల్ల గీతలు.
వీధులున్నాయి, పడవల కొట్టాలున్నాయి.
ఠాణా లేదు. వడ్డీకొట్టు లేదు.
"ఇటుపక్క ఒక్క వలా చిరగలేదు కదా,
అలాంటివేవీ వాళ్లకి లేనట్టే" అన్నాడు.
మా అయ్య బీడీ ఆర్పి
"ఆ పక్కకి మేం వలెయ్యం మేస్టారూ, లాగుడెక్కువ" అన్నాడు.
ఆ మాట ఆయన రాసుకోలేదు.

ఆ పటం పట్టుకునే
మంగమారిపేట దాటాక ఇసకదిబ్బ మీద
పదకొండు కుటుంబాలు దిగాం.
గొళ్లేల్లేని తలుపులు, ఒకటే పొయ్యి,
ఎవరివీ కాని ఐదు తెప్పలు.
వేటకి వెళ్లలేనివాళ్లకీ ఒక పాలు:
జొరమొచ్చినవాడికి, బాలింతకి,
తాడుకి వేళ్లు పోగొట్టుకున్న మా అయ్యకి.
దాన్ని మునిగినోళ్ల పాలు అనేవాళ్లం.
సూరాడ తౌడమ్మ గంప దించగానే
ముందు అది తీసి పక్కన పెట్టేది,
తర్వాతే మిగతా పంపకం.

రెండు వానాకాలాలు బాగానే గడిచాయి.
నిజం చెప్పాలంటే ఒకటిన్నర.
వడ్డించే చెయ్యి ఎవరికి పెద్దదైందన్న గొడవ,
బడికెళ్లే గుంటలకి నిండు పాలెందుకన్న గొడవ,
ఆ తర్వాత ఐసుపెట్టె వచ్చింది.
ఐసుపెట్టెకి కొండీ ఉంది.
కొండీ ఉన్నాక తాళం దానంతటదే వచ్చింది.
తాళంచెవి సత్తిరాజుగారి జేబులో దొరికింది.

ఆయన ఏడవలేదు.
పటం విప్పి, కళ్లజోడు తుడుచుకుని
చాలాసేపు వెతికాడు,
ఆ ఊళ్లోవాళ్లు మిగిలిన చేపని
ఎక్కడ పెట్టుకునేవారోనని.

నిరుడు ఎవరో చదువుకున్న కుర్రాళ్లు
నీళ్లలోకి చప్పుడు వదిలి, అది తిరిగొచ్చే తీరుతో
అడుగు చూసే పడవేసుకుని వెళ్లొచ్చారు.
ఉత్త రాళ్లేనట.
కొన్ని పాత ఓడలు బరువుకి మోసినవి,
కొన్ని హార్బరు తవ్వి పారబోసినవి.
అంటే ఆయన గీసిన ఊళ్లో సగం
ఆయన ఆఫీసే పోసింది.

ఇది చెబుదామని తౌడమ్మ దగ్గరికెళ్లాను.
జెట్టీ మీద మరపడవ నుంచి కానాగంతలు దిగుతున్నాయి.
ఇప్పుడు చెవులు సరిగా పనిచెయ్యవు, విందో లేదో.
పాట మొదలవక ముందే
దోసెడు తీసి చిల్లుల గంపలో వేసింది.
"అవెవరివే?" అన్నాడు కొత్త బేరగాడు.
"మునిగినోల్లవి" అంది, చెయ్యి కడుక్కుంటూ.
ఆ గంప మెట్ల మీంచి జారి నడుం విరిగిన
మైలపల్లి గురప్ప ఇంటికి వెళుతుంది.
నా రాళ్ల కబురు నా దగ్గరే ఉండిపోయింది.

తిరిగొస్తూ అలవాటుగా కొండల కేసి చూశాను.
దీపం ఉంది.
పొగలో సింహాచలం కనబడలేదు.
"ఒక్క గురుతుతో సోటు దొరకదే గుంటా,
దిక్కు దొరుకుద్ది" అనేవాడు మా అయ్య.
బండి సీటు మీద చేపపొలుసు ఒకటి అంటుకునుంది.
తుడవకుండానే కూర్చున్నాను.